పసుపులో తేలిన నాగలి

మొన్న ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని, ఐర్లండులో గాల్వే ఊరి దగ్గర మేము మొదట కాపురం పెట్టిన పల్లెకి వెళ్ళి చూస్తే, పాత చర్చి ఆవరణలోని సమాధి రాళ్ళ చుట్టూ కంచె వేసి, ముట్టుకోరాదని బోర్డు పెట్టేశారు. అది చదవగానే మా అత్తగారు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

నేను ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన కొత్తలో మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అత్తగారికి, మావారూ నేనూ డ్యూటీలకి పోతే పలకరించే దిక్కు లేక, ఇంటి పక్కనున్న ఆ పాడుబడ్డ చర్చి ఆవరణే కాలక్షేపం. వందల ఏళ్ళనాటి రాళ్ళవి. చెక్కడాలు అరిగి, నాచు పట్టి, ఏది ఏమిటో తెలిసేది కాదు. ఒక రాతిమీది పొడుగాటి గీత ఆవిడ కళ్ళకి కత్తిలా కనబడింది. కత్తి ఉందంటే మన వైపు పోరులో పోయినవాడికి నిలిపిన వీరగల్లే కదా, వీరుడికి పసుపు కుంకుమ పెట్టకపోతే ఎలా? శుక్రవారం తలంటి పోసుకుని వెళ్ళి, రాయి నిండా పసుపు పూసి, బొట్లు పెట్టి మరీ వచ్చారు.

ఆ ఆవరణ బాగోగులు చూసేది మా ఇంటి ఓనరమ్మే, ఆవిడ తాతముత్తాతల సమాధులన్నీ ఉన్నదీ అక్కడే. మా లీజు ఆ నెలాఖరుతో సరి, గాల్వేలో అద్దె ఇల్లు అప్పుడూ గగనకుసుమమే. సంగతి వినగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కడిగేద్దామంటే అత్తగారు ససేమిరా అన్నారు.

"దిక్కూ మొక్కూ లేకుండా పడున్నాడే పాపం, కాస్త పసుపు రాస్తే తప్పేమిటే?"

ఈ దేశంలో వానకేం కరువు, అదే కడిగేస్తుందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను. అన్నట్టే కురిసింది.

మర్నాడు పొద్దున్నే ఓనరమ్మ తలుపు తట్టి, మమ్మల్ని రాయి దగ్గరికి తీసుకెళ్ళింది. పైపసుపంతా వానకి పోయింది గానీ, గాట్లలో దిగింది మాత్రం అలాగే నిలిచి, చక్కటి నాగలి బొమ్మ తేలింది. కత్తీ లేదు, వీరుడూ లేడు, ఎవరో సేద్యగాడు. చిన్నప్పుడు ఆ రాతిమీదే ఆడుకున్న ఓనరమ్మ, అది నాగలని ఆ రోజే చూసిందట. ఆవిడ వాళ్ళంతా దున్నుకు బతికినవాళ్ళేనట. కళ్ళు తుడుచుకుని, "గ్రాండ్, గ్రాండ్" అంటూ అత్తగారి చేతులు పట్టుకుంది. నేను నసుగుతూ లీజు మాట ఎత్తితే, అదలా ఉంచి వచ్చే శుక్రవారం మీ అత్తగారు మళ్ళీ వస్తారా అని అడిగింది.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. కంచె ఇవతల నుంచి ఆ నాగలి రాయి వైపు వేలు చూపిస్తే మా మనవరాలు, "వేర్, అమ్మమ్మా?" అంది. రాళ్ళు భద్రంగా ఉన్నాయి, మంచిదే, కాదనను. హ్యాండ్‌బ్యాగులో పసుపు పొట్లం పెట్టుకుని వెళ్ళి కూడా, ఆ పిల్లకి నాగలిని చూపించలేకపోయాను.