కర్ఫ్యూలో ఆరంకెల పెళ్లిచూపులు

మా చిన్నప్పుడు... పోలీసు చర్య జరిగిన రోజులు. పైన విమానాల మోత, వీధిలో కర్ఫ్యూ... రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంట్లోనేమో పెళ్లిచూపులకు వచ్చిన పెళ్లికొడుకు ఇరుక్కుపోయాడు!

మా మేరీ పిన్నిని చూడటానికి వచ్చాడాయన. పేరు దావీదు. బెజవాడ నుంచి కొత్తగా వచ్చి సీతాఫల్‌మండిలో ఉంటున్న లెక్కల మాస్టారు. కాఫీ తాగి లేచేలోపే కర్ఫ్యూ అన్నారు... ఇక మా వసారాలోనే మకాం.

పిన్నితో మాట్లాడటానికి ఆయనకు సిగ్గు. ఏం తోచక, పిల్లలమైన మా కోసమని సుద్దముక్కతో గచ్చు మీద పెద్ద సంఖ్య వేశాడు... 142857.

"దీన్ని రెండుతో గుణించండమ్మా" అన్నాడు.

285714 వచ్చింది. మూడుతో గుణిస్తే 428571... ఆరు దాకా ఎంతతో గుణించినా అవే ఆరంకెలు, అదే వరసలో, గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి! మేం వసారా అంతా నింపేశాం.

అమ్మమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "ఏందయ్యా గిది? బయట మిలిట్రీ తిరుగుతుంటే గీ అంకెల పిచ్చేంది? తుడిచెయ్యి!"

తుడిచేలోపే ఇళ్లు సోదా చేస్తున్న జవాను లోపలికొచ్చాడు. గచ్చు నిండా అంకెలు... ఏదో రహస్య సంకేతం అనుకున్నాడు. గచ్చు వైపు చూపిస్తూ ఎవరు రాశారని హిందీలో గద్దించాడు. హిందీ రాని మాస్టారు క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తాడు. జవాను ఆయన భుజం పట్టుకుని "చల్" అన్నాడు. నాన్న ఎంత బతిమాలినా వినలేదు.

తలుపు చాటున ఉన్న పిన్ని గబగబా వచ్చి, ఏడుతో గుణించి చూడమని హిందీలో చెప్పి సుద్దముక్క జవాను చేతిలో పెట్టింది. జవాను గొంతుక్కూర్చుని, నాలుక బయటపెట్టి గుణించాడు.

999999!

"అరె!" అని పకపకా నవ్వాడు. మళ్లీ గుణించాడు. చివరికి ఆ సంఖ్య అరచేతి మీద రాసుకుని, చాయ్ తాగి వెళ్లాడు.

మాస్టారు మొదటిసారి పిన్ని ముఖంలోకి చూశాడు. "ఏడు సంగతి నేను పిల్లలకు చెప్పనే లేదే... మీకెవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాల్నా? లోపల పలక మీద జెర చేసి చూసిన."

ఇద్దరూ మళ్లీ గచ్చు మీదికి వంగి ఎనిమిదితో గుణించడం మొదలుపెట్టారు. అమ్మమ్మ నిట్టూర్చింది. "ఇగ పెళ్లి షురూ చెయ్యుండ్రి... గీ ఇద్దరిని వేరేటోళ్లు భరించలేరు!"

అలాగే చేశారు. బాగానే బతికారు...

ఇప్పుడు పెళ్లిచూపులు ఫోన్లోనే అయిపోతున్నాయి. ఇద్దరు మనుషులు ఒకచోట కూర్చుని, ఏమీ తోచక, ఒకరినొకరు తెలుసుకునే తీరిక ఎక్కడుంది?

మీ ఇళ్లలో ఏ పెళ్లి ఎలా కుదిరిందో... చెప్పండి, వినాలని ఉంది.