నల్ల ఇసుక మీద పెట్టిన ఫ్లైవీల్

ఇంజిన్ విప్పేది కన్యాకుమారి. ఇంజిన్ మరమ్మతు శిక్షణకు వెళ్లింది మాత్రం ఆమె మొగుడు ధనరాజు.

భావనపాడులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పైకి అన్నవాళ్లూ లేరు. వేటలో తాడు చుట్టుకుని ధనరాజు కుడి మణికట్టు నలిగిపోయింది. ఆనాటి నుంచి అతను స్పానర్ పట్టి గట్టిగా తిప్పలేడు. కన్యాకుమారి తండ్రి నౌపడలో పంపుసెట్లు బాగుచేసేవాడు. ఎక్కాలు నోటికి రాకముందే ఆమెకు స్పానర్ల సైజులు వచ్చాయి. మొగుడు వేట మానేశాక ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించి, పడవలకు బిగించే చిన్న పెట్రోలు ఇంజిన్ల పని మొదలుపెట్టింది. షెడ్డు ముందు కూర్చుని మాట్లాడేది అతను. గోనెపట్టా వెనక విప్పి బిగించేది ఆమె. "ధనరాజు చెయ్యి మంచిది" అని ఊరంతా మెచ్చుకునేది. పట్టా వెనక నుంచి ఆమె ఆ మాట వింటూనే నట్టు బిగించేది.

2015లో మత్స్యకారులకు శ్రీకాకుళంలో ఇంజిన్ శిక్షణ పెట్టి, ఊరికో పేరు చెప్పమన్నారు. ఊరిపెద్ద అప్పలసూరి ధనరాజు పేరు చెప్పాడు. కన్యాకుమారి మొగుడికి క్యారేజీ కట్టి బస్సెక్కించింది. సాయంత్రం అతను వచ్చి చెప్పింది చెవులప్పగించి వినేది. పాపం, సగం అతనికి గుర్తుండేది కాదు. ఆ పోయిన సగాన్ని ఆమె ఇంజిన్లు విప్పి వెతుక్కునేది. అయినా నోరెత్తలేదు.

2016లో మళ్లీ శిక్షణ అన్నారు. ఈసారి ఆమె ఊరుకోలేదు. అప్పలసూరి ఇంటి అరుగు దగ్గరకే వెళ్లి అడిగింది.

"మావా, ఈపాలి నా పేరు సెప్పు."

అప్పలసూరి నోట్లో చుట్ట తీసి నవ్వాడు. "పడవెక్కనోలివి, పడవింజిన్ కోర్సు నీకేటే?"

ఆ తీరంలో ఆడవాళ్లు పడవెక్కకూడదు. ఎక్కితే గంగమ్మకు కోపమొస్తుందట. ఆ పడవ తెచ్చిన చేపల్ని మాత్రం గంపలో నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాల్సింది ఆడవాళ్లే. దానికి గంగమ్మకు ఏ అభ్యంతరమూ లేదు.

"ఆలోసించు మావా. రేపు మళ్లీ వస్తాను" అని లేచి వచ్చేసింది. మర్నాడూ వెళ్లింది. ఆ పైరోజూ వెళ్లింది. "అది కాదు, ఇది కాదు" అంటూ అతను దాటేస్తూనే ఉన్నాడు.

అంతలో వేట నిషేధం ముగిసే రోజు వచ్చింది. తెల్లారితే పడవలన్నీ నీళ్లలోకి దిగాలి. ఆ మధ్యాహ్నం అప్పలసూరి ఇంజిన్ ఎంత లాగినా అంటుకోలేదు. తాను రోజూ కాదని పంపేస్తున్న కన్యాకుమారి గడప తొక్కడానికి మొహం చెల్లక, ఇంజిన్ని ఒడ్డునే దింపించి బావమరిది ఎల్లాజీకి అప్పగించాడు. పై మూత తీస్తే కనిపించే బరువైన చక్రమే ఫ్లైవీల్. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్లు దాని కిందే ఉంటాయి. ఎల్లాజీ గునపం మొన దూర్చి ఎత్తాడు, సుత్తి పెట్టి బాదాడు. ఎలాగో ఊడింది. ఊడిన చక్రాన్ని పక్కనే ఇసుక మీద బోర్లించాడు. పాయింట్లు తుడిచి, మళ్లీ బిగించి లాగాడు. ఈసారి గరగరమని చప్పుడు కూడా తోడైంది.

ధనరాజు ఒడ్డున అదంతా చూసి ఇంటికొచ్చి చెప్పాడు. "మేగ్నెట్టు ఇసకలో ఎట్టీసినాడే."

కన్యాకుమారి తల కొట్టుకుంది. "ఓలమ్మో! మన ఇసకలోనా?"

ఫ్లైవీల్ లోపల అయస్కాంతాలుంటాయి. మరోచోట ఇసుక మీద పెడితే దులిపేసుకోవచ్చు. భావనపాడు ఒడ్డున నల్ల ఇసుక. అందులో ఇనుప రేణువులు. అయస్కాంతం తగిలితే చీమల్లా పట్టేస్తాయి, దులిపితే రాలవు.

సామాన్ల పెట్టె ఒక చేత్తో, టార్పాలిన్ ఇంకో చేత్తో పట్టుకుని ఆమె ఒడ్డుకు నడిచింది. ఈసారి పట్టా లేదు, వెనకా లేదు. వలలు సర్దుతున్నవాళ్లంతా తల తిప్పి చూశారు.

"మావా, నేను సూస్తాను. బాగుపడితే నా పేరు సెప్తావా?"

"ముందు బాగుసెయ్యి."

నిరుడు ధనరాజు పేరు చెప్పేటప్పుడు, ఒక నట్టు తిప్పి చూపించమని అతన్ని ఎవరూ అడగలేదు. కన్యాకుమారి టార్పాలిన్ పరిచి, ఇంజిన్ని దాని మీదికి ఎత్తించింది.

ముందు ప్లగ్గు విప్పింది. ఆ కన్నంలోంచి మెత్తటి నూలుతాడు లోపలికి దూర్చడం మొదలుపెట్టింది.

"ఒరే, ఇంజిన్‌కి తాడు మింగిస్తన్నాదిరో!" ఎవరో అరిచారు. ఒడ్డంతా నవ్వింది.

"మింగనీ. ఇప్పుడు సూడు" అంటూ ఆమె చక్రం నెమ్మదిగా తిప్పింది. లోపల పిస్టన్ తాడుకు ఆని, ఆగిపోయింది. ఇక చక్రం కదలదు. ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా నట్టు వదులైంది. నట్టును పూర్తిగా తీయకుండా ఇరుసు కొసదాకా తెచ్చి వదిలేసింది, మరలు దెబ్బ తినకుండా. చక్రం మీద, దాన్ని పైకి లాగే పుల్లర్ బిగించి, రెండు పక్కల బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చింది. తొందరపడలేదు. నడుమ బోల్టు నెత్తిన సుత్తితో ఒక్కటిచ్చింది. టక్కుమని చక్రం వదులైంది. నట్టు తీసేసి, చక్రాన్ని ఎత్తి తిప్పి చూపించింది.

లోపలంతా నల్లగా, గుబురుగా ఇసుక.

"ఎల్లాజీ బావా, నీకు మొలవని గడ్డం దీనికి మొలిసీసినాది!"

ఈసారి జనం ఆమె మీద కాదు, ఆమెతో కలిసి నవ్వారు. ఎల్లాజీ గడ్డం తడుముకున్నాడు.

"తాతమ్మా, సోడిపిండి ముద్ద ఒకటి తేయే" అని గంపలల్లుకుంటున్న ముసలమ్మను కేకేసింది.

"ఇంజిన్‌కి అంబలి ఎడతావేటే?" అంటూనే తాతమ్మ గట్టిగా కలిపిన రాగిపిండి ముద్ద తెచ్చిచ్చింది. కన్యాకుమారి దాన్ని అయస్కాంతాల మీద అద్ది లాగింది. ముద్దతో పాటు ఇసుక ఊడి వచ్చింది. అద్దింది, లాగింది, మడిచింది. తెల్లటి ఇనుము బయటపడేదాకా వదల్లేదు. పాయింట్ల మధ్య ఇరుక్కున్న రేణువుల్ని పెట్రోలు గుడ్డతో తీసింది. చక్రం ఇరుసు మీద జారకుండా పట్టే అర్ధచంద్రం తాళం గాడిలో సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి చక్రం దించింది, నట్టు బిగించింది. తాడు బయటికి లాగేసి ప్లగ్గు పెట్టింది.

"లాగు మావా."

అప్పలసూరి లాగాడు. ఇంజిన్ అంటుకుంది. గరగర లేదు.

"మంచి పని సేసినావే ధనరాజు పెళ్లామా!"

"నా పేరు కన్యాకుమారి, మావా."

ధనరాజు ముందుకొచ్చాడు. "ఇన్నేళ్లూ ఇంజిన్లు ఇప్పింది నాను కాదు మావా. ఇదే. నీకూ తెలుసు."

అప్పలసూరి ఇంజిన్ ఆపాడు. జేబులోంచి సెల్లు తీసి, శిక్షణకు పేర్లు తీసుకునే ఆఫీసుకు అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. "భావనపాడు నుంచి కన్యాకుమారి అని రాసుకోండి బాబూ... అవును, ఆడమనిషే. అయితేటి?"

ఆమె శిక్షణకు వెళ్లింది. పూర్తిచేసి వచ్చింది. కానీ ఆ గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. తన పేరు కోసం ఒక మనిషి ఊరందరి ముందు పరీక్షకు నిలబడాల్సి రావడం గొప్ప సంగతి కాదు, మనందరికీ సిగ్గు సంగతి. మీ ఊళ్లోనూ పట్టా వెనక కూర్చుని మోటార్లు విప్పే ఆడమనిషి ఉంటుంది. ఆమె ఎవరో మీకు తెలుసు. ఈసారి పంచాయతీలో శిక్షణ సంగతి రాగానే, ఆమె వచ్చి అడిగేదాకా ఆగకండి. లేచి నిలబడి ఆమె పేరు చెప్పండి. మొగుడి పేరు కాదు, ఆమె పేరు. ఎవరైనా నవ్వితే, "అయితేటి?" అనండి.