బియ్యంలో రాసిన పాస్‌వర్డ్

మా నాన్న పౌరోహిత్యంలో పెళ్లిళ్లు చేశారు, గృహప్రవేశాలు చేశారు, కొత్త ట్రాక్టర్ల చేత నిమ్మకాయలు తొక్కించారు. కంప్యూటరుకి నామకరణం మాత్రం ఒక్కసారే చేశారు. ఎనభైల చివర్లో, చీరాలలో, మరమగ్గాల షెడ్ల వెనక వీధిలో కొత్తగా తెరిచిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో.

దాని యజమానిని అందరం సారు అనేవాళ్లం. సారుకి యంత్రమంటే భక్తి. దూది దుమ్ము లోపలికి రాకూడదని చెప్పులు విడిపించడమే కాదు, కాళ్లు కూడా కడిగించేవారు. పెద్ద పెట్టె ఒకటి, దానికి తగిలించిన టెర్మినళ్లు నాలుగు. పెట్టెని మొదటిసారి ఆన్ చేసిన ఘడియకి రోహిణీ నక్షత్రం అని నాన్న లెక్కకట్టారు. రోహిణికి 'వా' పనికొస్తుంది కాబట్టి వాగ్దేవి అని ఖాయమైంది. పళ్లెంలో బియ్యం పోసి సారు చేత ఉంగరంతో పేరు రాయించారు, యంత్రానికి తెలుగు రాదని ఇంగ్లీషు అక్షరాల్లో. తర్వాత సారు వంగి, దాని చెవి ఎక్కడుందో తెలియక, ఫ్లాపీ పెట్టే సందులో మూడుసార్లు ఆ పేరు చెప్పారు. ఫొటో తీయించి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో తగిలించారు.

సంభావనకి బదులు నాన్న నాకు సీటు అడిగారు.

"పేరు పెట్టాక ఆ పేరుతోనే పిలవాలండీ అన్నాను," అని ఆ రోజు భోజనాల దగ్గర నాన్న మురిసిపోయారు. "పిలవకేం పంతులుగారూ, రోజూ పొద్దున్నే నా పాస్‌వర్డ్‌గా అదే కొడతాను అన్నాడు. ఎంత శ్రద్ధ!"

పాస్‌వర్డ్ అంటే ఏమిటో నాన్నకి తెలియదు. నాకూ తెలియదు. నెల తర్వాత క్లాసులో చెప్పారు. ఆ రోజు డైరీలో రెండే వాక్యాలు రాసుకున్నాను: పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకూడనిది. సారుది ముందు గదిలో గోడకి వేలాడుతోంది.

ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పట్టేవి. పైగా అది మా నాన్న పెట్టిన పేరు.

ఆ యంత్రంలో 'మాటలు' అని ఒక ఫైలు ఉండేది. ఎవరైనా తెరిచి కింద తమ ముక్క రాసి పోవచ్చు. సారు మాత్రం దాని జోలికి వచ్చేవారు కాదు. మగపిల్లలు సొంత పేర్లతో రాసేవాళ్లు కాదు. నల్లత్రాచు, యముడు, గొడ్డుకారం. బయట సైకిలు గొలుసు ఊడితే ఎక్కించుకోలేనివాళ్లు ఆ ఫైల్లో లోకాల్ని గడగడలాడించేవాళ్లు. ఎవరు ఏది కనిపెట్టినా కింద మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "నాకు ముందే తెలుసు."

మా బ్యాచిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయిది నేతవాళ్ల ఇల్లు. ప్రోగ్రాములో తప్పు దొర్లితే మేమంతా మొదటినుంచి మళ్లీ కొట్టేవాళ్లం. తను మాత్రం తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించేది. "మగ్గం మీద పోగు తెగితే చీరంతా విప్పుతామేంటే? తెగిన చోటు చూసుకుని ముడేస్తాం," అనేది. సర్టిఫికెట్ తెస్తే నూలు డిపోలో ఉద్యోగమిస్తామన్నారు. లేకపోతే మళ్లీ మగ్గమే.

సర్టిఫికెట్ పరీక్షలో తనకి నూటికి నూరు వచ్చాయి. రావడమే తప్పయింది.

పరీక్షకి ముందురోజు సారు వేటపాలెంలో ఎవరిదో పెళ్లికి వెళ్లారు. ఆ మధ్యాహ్నమే సారు పేరుతో ఎవరో యంత్రంలోకి వెళ్లి, అందులో దాచిన ప్రశ్నపత్రం చూసినట్టు అదే రాసిపెట్టుకుంది. ఏ టెర్మినల్ నుంచి అన్నది మాత్రం రాసుకోలేదు.

"ఏమ్మా, నూటికి నూరు ఊరికే వస్తాయా?" అన్నారు సారు అందరి ముందూ. "నా పాస్‌వర్డ్ ఎలా తెలిసిందో శనివారంలోగా చెప్పు. లేకపోతే సర్టిఫికెట్ లేదు."

"నాకు తెలియదండీ," అంది తను. అంతే అంది. ఏడవలేదు.

నేను ధైర్యం చేశాను, అంటే నాకు చేతనైనంత. 'ఉడుత' అని పేరు పెట్టుకుని 'మాటలు'లో రాశాను: "సారు పాస్‌వర్డ్ ఎవరైనా తెలుసుకోవచ్చు. ముందు గదిలో ఫొటో చూడండి. ఆ అమ్మాయి తప్పేం లేదు."

మర్నాటికి పదకొండు జవాబులు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు నల్లత్రాచు.

"నాకు నీకంటే ముందు తెలుసు," అన్నాడు యముడు.

"దీన్ని లోపం అనరు. తలుపు తీసి ఉంచితే దాన్ని కన్నం అంటారా?" అని గొడ్డుకారం. అది కన్నమా తలుపా అని రెండు రోజులు నడిచింది. సారుకి చెబితే ద్రోహమని కొందరు, చెప్పకపోతే ద్రోహమని ఒకడు. ఆ ఒకణ్ణి అందరూ కలిసి తిట్టారు. చివరికి, "ఒరేయ్ ఉడుతా, ఏ బ్యాచిరా నువ్వు? కొత్తవాళ్లు నెల్లాళ్లు నోరుమూసుకుని చదవాలి," అని తీర్పు. ఆ అమ్మాయి మాట ఒక్కడూ ఎత్తలేదు.

శనివారం వచ్చింది. సారు ఆ అమ్మాయిని ముందు గదిలో నిలబెట్టారు. మగపిల్లలంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. నేను వెళ్లి ఫొటోలో బియ్యం పళ్లెం మీద వేలుపెట్టాను.

సారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "అది దాని పేరమ్మా."

"పాస్‌వర్డ్ కూడా అదే కదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పేరు చూసి పాస్‌వర్డ్ అని ఎవరు కనిపెడతారు? ఇంతమందిలో ఒక్కడికైనా తట్టిందా?"

ఆయన అడిగింది వెటకారానికే. కానీ ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లకి అంతకన్నా అవమానం లేదు.

"నాకు మొదటి వారంలోనే తట్టిందండీ," అన్నాడొకడు.

"ఛీ ఊరుకోరా, నీకు చెప్పింది నేను కాదూ?"

"నువ్వు చెప్పడమేంట్రా? ఆ మధ్యాహ్నం తెరిచి చూపించింది ఎవడు?"

అన్నాక వాడు నాలిక కరుచుకున్నాడు. అప్పటికి ఆరుగురు ఒప్పేసుకున్నారు, ఎవరు ముందో మాత్రం తేలలేదు.

సారు అందరికీ మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి ప్రశ్నలు చేత్తో రాసుకుని జేబులో పెట్టుకొచ్చారు. తనకి మళ్లీ నూటికి నూరే. సర్టిఫికెట్ ఇస్తూ సారు, "ఏమనుకోకమ్మా," అన్నారు.

"అనుకున్నానండీ," అంది తను, సర్టిఫికెట్ తీసుకుని.

పాస్‌వర్డ్ మారుద్దామని సారు నాన్నని అడిగారు. పెట్టిన పేరు మారిస్తే అరిష్టమని నాన్న ససేమిరా అన్నారు. ఇద్దరూ చాలాసేపు ఆలోచించి ఫొటోకి పెద్ద బంతిపూల దండ వేయించారు, సరిగ్గా పళ్లెం మీదికి వచ్చేలా.

వారం తర్వాత ఉడుత 'మాటలు'లో చివరిసారి రాసింది: "దండ వాడిపోయింది. అక్షరాలు కనిపిస్తున్నాయి."

మొదటి జవాబు రావడానికి గంట కూడా పట్టలేదు. "నాకు ముందే తెలుసు."