కౌన్సెలింగ్ నాలుగు

పీఈటీ సుందర్ రావు సారును బడి నుంచి పంపేసే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ప్రిన్సిపాల్‌కు తెలియకుండా, సొంత కోపంతో విద్యార్థిని కొట్టానని అందులో ఉంది. అది అబద్ధమని ప్రిన్సిపాల్ రమాకాంత్‌కు తెలుసు. అప్పుడు పదో తరగతిలో ఉన్న నాకూ తెలుసు.

మాది వరంగల్‌లో నర్సంపేట రోడ్డు పక్కన ప్రైవేటు హైస్కూలు. సుందర్ రావు సారు ఒకప్పుడు జిల్లా తరఫున కబడ్డీ ఆడినవాడు. ఆటలు నేర్పుదామనే వచ్చాడు. రెండేళ్లకే గ్రౌండులో స్కూలు బస్సులు పెట్టారు. ఆటల పీరియడ్ లెక్కల సారు పట్టుకుపోయాడు. ఇక ఆయనకు మిగిలిన పని మమ్మల్ని కొట్టడం.

రమాకాంత్ సారు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. పేరెంట్స్ మీటింగులో మైకు పట్టుకుని, "మా స్కూల్ల బెత్తం లేదు, ఓన్లీ కౌన్సెలింగ్" అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆలస్యంగా వచ్చినా, జుట్టు పెరిగినా ఆయన నవ్వుతూనే ఒక చిట్టీ రాసి ఇచ్చేవాడు. అందులో పేరు, పక్కన 'కౌన్సెలింగ్', ఆ పక్కన ఒక అంకె. మూడు అంటే మూడు దెబ్బలు. ఆ చిట్టీ పట్టుకుని మెట్ల కింద ఆటసామాన్ల గదికి మేమే నడిచి వెళ్లాలి. సుందర్ రావు సారు కొట్టి, చిట్టీ మీద సంతకం చేసేవాడు. దాన్ని తిరిగి ప్రిన్సిపాల్‌కు అప్పగించాలి. సాయంత్రానికల్లా ఆయన అన్నీ చించేసేవాడు.

"ఎన్ని?" అన్నాడు ఒకరోజు సుందర్ రావు సారు నా మొహం చూడకుండానే.

"నాలుగు సార్."

"ఏం జేసినవ్‌రా?"

"క్లాసుల వేరే బుక్కు చదివిన."

"బడికొచ్చి చదివితే గూడ దెబ్బలేనా? మంచిగున్నది. చాపు."

నాలుగూ కొట్టి సంతకం చేసేసరికి ఆఖరి గంట కొట్టేశారు. చిట్టీ నా జేబులోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండానే మా క్లాసు నవీన్ చూపుడువేలు అదే గదిలో విరిగింది. మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే వాళ్ల నాన్న కట్టయ్య నలుగురిని వెంటేసుకొచ్చాడు.

"పెన్ను పట్టే ఏలు ఇరగ్గొట్టిన్రు! పరీక్ష ఎట్ల రాస్తడు నా కొడుకు?" అని గేటు దగ్గర అరిచాడు.

రమాకాంత్ సారు ఎదురెళ్లి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "నేను కౌన్సెలింగ్‌కు పంపిన కట్టన్నా. ఈయన చెయ్యి చేసుకుంటడని నాకేం ఎరుక?"

విచారణకు ఆఫీసర్లు వస్తారనగా ముందురోజు నన్ను ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచారు. టేబుల్ మీద పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్ల కట్ట ఉంది. అన్నిటికంటే పైన నాది.

"నీ చిట్టీ ఇంక వాపస్ రాలే గదరా" అన్నాడు రమాకాంత్ సారు.

జేబులోంచి తీసి ఇచ్చేశాను. ఆయన దాన్ని నింపాదిగా చించి బుట్టలో వేసి, హాల్ టికెట్ నా వైపు జరిపాడు.

మర్నాడు ఆఫీసరు అడిగాడు. "కౌన్సెలింగ్ అంటే ఏం చేస్తరు బాబూ?"

"మంచి మాటలు చెప్తరు సార్" అన్నాను.

గోడ దగ్గర నిలబడ్డ సుందర్ రావు సారు నన్ను ఒకసారి చూశాడు. ఆ సాయంత్రమే ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

పేపర్లో ఫోటో పడ్డాక ఆయనకు ఏ బడీ పని ఇవ్వలేదు. చర్చిలో ఎండాకాలం పిల్లల క్లాసులకు కూడా పిలవడం మానేశారు. భార్య రాహేలు జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది. రమాకాంత్ సారు రెండో బ్రాంచి తెరిచాడు. అక్కడా బెత్తం లేదట.

ఏడేళ్ల తర్వాత, మొన్న, కాజీపేట స్టేషన్ బయట బండ్ల స్టాండులో టోకెన్లు ఇస్తూ కనిపించాడు. నేను మొహం తిప్పుకునే లోపే ఆయనే గుర్తుపట్టాడు.

"ఏరా, ఇంకా వేరే బుక్కులే చదువుతాన్నవా?"

"చదువుతాన సార్."

అక్కడే, బండి మీద కూర్చునే చెప్పేశాను. ఆ చిట్టీ నా దగ్గరే ఉండిందని, హాల్ టికెట్ కోసం ఇచ్చేశానని, అది చూపించి ఉంటే రమాకాంత్ దొరికిపోయేవాడని. "అంతా ఆయనే చేయించిండు సార్. మీ తప్పేం లేదు" అన్నాను.

ఆయన టోకెన్ చించి నా చేతిలో పెట్టాడు. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"ఎన్ని కొట్టాల్నో సారే రాసిండు బిడ్డా. ఎంత గట్టిగ కొట్టాల్నో రాయలే. అది నేనే చూసుకున్న."