అంకెలు కానివన్నీ

రెండు వేల మూడో నాలుగో. మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. మా దగ్గర నేర్చుకుపోయిన అమ్మాయిల పేర్లు, ఫోను నంబర్లు ఒక ఫైల్లో ఉండేవి, ఉద్యోగం కబురొస్తే చెప్పడానికి. సొంత ఫోను ఉన్నవాళ్లు తక్కువ. మిగతావాళ్లు వీధిలోని అంగడి నంబరిచ్చి, పక్కన ‘పీపీ’ అని, అంటే ఫోను తమది కాదని, ఎవర్ని పిలవమనాలో రాయించేవాళ్లు.

ఆ రాతలు నాకు చెత్తగా కనిపించేవి. ఒకరి నంబరు మధ్య గీత, ఒకరికి చుక్క, ఇంకొకరికి పెద్ద కథ. రాతల్ని వెతికి ఒక్కసారే మార్చేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అప్పుడే నేర్చుకున్న పొగరు నాది. నంబర్ల గడిలో అంకె కానిది ఏది కనబడినా తీసేసి దాని చోట ఏమీ పెట్టొద్దని ఒక్క వరుస రాసి నడిపాను. నంబర్లన్నీ బడిపిల్లల్లా వరుసలో నిలబడ్డాయి. అదే ఫైలు మీద సేవ్ చేసి టీ తాగడానికి పోయాను.

పది రోజులకు బెంగుళూరు ఆఫీసొకటి ఫోన్ చేసింది. మా దగ్గర నేర్చుకున్న శాంతిపురం అమ్మాయిని ఉద్యోగానికి ఎంచుకున్నారట. మర్నాడు పదింటికల్లా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి. దరఖాస్తులో మా సెంటరు చిరునామానే ఉంది.

శాంతిపురం నంబరు తిప్పాను. అంగడాయన ఎత్తాడు. పేరు చెప్పాను.

“ఆ పేరుతో ఈడ ఎవురూ లేరే. ఎవురి కూతురప్పా?”

“టైపింగు నేర్చుకొనుండాది. సన్నగా ఉంటాది.”

“సన్నగా ఉండే ఆడపిల్లోళ్లు ఊరంతా ఉండారు. ఇస్కూలు పేర్లు మాకెట్ల తెలుస్తాయి? ఇంట్లో ఏమని పిలుస్తారో చెప్పు, పిలుస్తాను.”

నేను చెరిపేసింది సరిగ్గా అదే. పుంగనూరులో ఆమెతో చదివిన అమ్మాయికి చేస్తే, “మాకూ ఆ ఇస్కూలు పేరే తెలుసు సార్” అంది. సాయంత్రంలోగా అంగడికి ఐదుసార్లు చేశాను. ఐదోసారి ఆయన తిట్టి పెట్టేశాడు. నా మీద నాకే రోత పుట్టింది. చెయ్యడానికి ఇంకేమీ తోచలేదు.

వారానికి శాంతిపురం అమ్మాయే కుప్పం బస్సులో వచ్చింది, కబురేమైనా ఉందా అని. జరిగిందంతా చెప్పాను.

“ఏ దినం సార్?”

చెప్పాను.

“ఆ దినం సాయంత్రం నేను ఆ అంగడి బెంచీ మీదనే కూసోనుండాను సార్, మీ ఫోను వస్తాదేమోనని. ఆయన ఎవురినో తిడతాంటే, పాపం ఎవురో అనుకొంటి.”