ఆక్సిడెంటుకూ ఇన్సిడెంటుకూ మధ్య పోశన్న కాలు

బస్తర్‌లోని మద్దేడులో నా ఆన్‌లైన్ సెంటరుకు జనం మల్లయ్య సారు చేతిరాత కాగితాలు తెచ్చి లామినేషన్ చేయించుకుంటారు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన రాగానే సారు గుర్తొస్తారు. ఇక్కడినుంచి ఒక మహాగాథ మొదలవుతుందని చెప్పాలని నాకూ ఉంది. కానీ ఇందులో ఉన్నవి ఒక కాలు, ఒక ఉత్తరం, ఒక ఇంగ్లీషు మాట. అంతే.

సారు రిటైరైన ఇంగ్లీషు టీచరు. సంతరోజు విత్తనాల దుకాణం అరుగు మీద కూర్చుని ఉత్తరాలు రాసేవారు. మా వాళ్లు వైద్యానికి సరిహద్దు దాటి తెలంగాణకు పోతారు. అక్కడివాళ్లకు మా హిందీ కాగితం అర్థం కాదు, మాకు తెలుగు రాయడం రాదు. కాబట్టి రెండువైపులా తెలుగే మాట్లాడుకుంటూ మధ్యలో ఇంగ్లీషు కాగితం పెట్టుకునేవాళ్లం. పన్నెండో తరగతి రెండుసార్లు తప్పాక నేను ఆ పని నేర్చుకోవడానికి ఆయన పక్కన కూర్చున్నాను. పెన్ను తీసేముందు సారు ప్రతివాళ్లనూ రెండు ప్రశ్నలు అడిగేవారు: ఎవరన్నా చేసిన్రా, ఎంతమందికి తాకింది. వయసు మీదపడ్డాక వచ్చిన చాదస్తం అనుకున్నాను.

ఒకరోజు సారుకు జ్వరం. చింతచెట్టు మీంచి పడి కాలు విరిగిన పోశన్న కోసం అతని భార్య రాజమ్మ వచ్చింది. నేను ఏమీ అడక్కుండా ఆసుపత్రికిచ్చే ఉత్తరంలో 'ఇన్సిడెంట్' అని రాసిచ్చాను. ఆక్సిడెంట్ బస్సులకు సరిపోతుంది, మనిషికి కాస్త గౌరవంగా ఉండాలనిపించింది.

మర్నాడు రాజమ్మ ఒక్కతే బస్సు దిగింది. ఆసుపత్రివాళ్లు బస్తర్ అడ్రసు చూసి, ఆ మాట చూసి, ముందు పోలీసు కాగితం తెమ్మన్నారట. పోశన్న అక్కడే వరండాలో పడి ఉన్నాడు. ఇంకా ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వస్తుందట.

సారు జ్వరంతోనే అరుగు మీదికి వచ్చారు.

"ఎవరన్నా తోసిన్రా అమ్మా?"

"ఎవలు తోస్తరు సారూ, కొమ్మ ఇరిగింది."

"ఎంతమంది పడ్డరు?"

"ఆయనొక్కడే. చింతపండు గూడ పడ్డది."

సారు కొత్త కాగితం మీద 'ఆక్సిడెంట్' అని రాసి నావైపు తిరిగారు. "ఎవరూ చెయ్యకుండ అయితే ఆక్సిడెంట్. ఊరంత మునిగితే డిజాస్టర్. ఇన్సిడెంట్ అని రాస్తే మన దిక్కు తుపాకులు పేలినయనుకుంటరు. పోశన్న తుపాకి ముట్టిండా?"

ముట్టలేదన్నాను.

"మరి ట్రాజెడీ అంటే ఏంది సారూ?" అని అడిగాను.

"అది ఇంట్ల ఏడ్వనీకి. కాగితం మీద రాస్తే ఎవడు సంతకం పెడ్తడు?"

రాజమ్మతో కలిసి నన్నూ బస్సెక్కించారు. ఆసుపత్రిలో నా తప్పు నేనే ఒప్పుకోవాలన్నది ఆయన షరతు. ఒప్పుకున్నాను. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. పోశన్న కొంచెం కుంటుతాడు గానీ రెండు కాళ్ల మీదే కుంటుతాడు.

సారు పోయి మూడేళ్లయింది. ఆ రెండు ప్రశ్నలు ఇప్పుడు నేను అడుగుతున్నాను. కోళ్ల షెడ్డు కూలిందని పరిహారం ఫారం నింపించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా విసుక్కుంటూనే జవాబు చెబుతారు. దీనివల్ల ఒక్కో ఫారానికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనానికి సెంటర్ మూసి ఉంటుంది.