నాయన చేసిన నాలుగో స్టాండు

మా చిన్నప్పుడు... నగరిలో మా నట్టింట్లో నాలుగు మూలలా నాలుగు ఇనుప గొట్టాలు నిలబడి ఉండేవి. ఒక్కోదాని నెత్తిన ఒక్కో స్పీకరు. వాటిని చూస్తేనే నాకు రోత...

మా నాయన పవర్‌లూం షెడ్డులో పని చేసేవాడు. ఎవరో వాడి వదిలేసిన హోమ్ థియేటర్ కొని తెచ్చాడు. దానికి స్టాండ్లు లేవు. షెడ్డులో మూలన పడి ఉన్న గొట్టాలు అడిగి తెచ్చుకున్నాడు. అమ్మ బియ్యం కడిగే బేసిన్‌లో సిమెంటు పోసి, గొట్టాన్ని అందులో నిలబెట్టాడు. ఒకటి గట్టిపడ్డాక ఊడదీసి ఇంకొకటి...

"సిమెంటు కలిపేదానికి నీకు నా బేసినే దొరికిందా?" అని అమ్మ అరిచేది. ఏళ్ల తరబడి మరమగ్గాల రొదలో నిలబడిన మనిషి కదా... సగం మాటలు నాయనకు వినిపించేవే కావు. నవ్వి ఊరుకునేవాడు.

ఆ గొట్టాలకు నల్లటి గ్రీజు... దాంట్లో నూలు నుసి, చచ్చిన చీమలు. ఎంత తుడిచినా జిడ్డు వదిలేది కాదు. అన్నం ముందు కూర్చుంటే అదే కంపు. తెల్ల యూనిఫారానికి అంటిందంటే ఎంత ఉతికినా పోదు. ఛీ... ఇప్పటికీ తలుచుకుంటే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

ఒకరోజు నాతో చదివే అమ్మాయి ఇంటికొచ్చింది. "ఏందిమే, మీ ఇంట్లో నాలుగు బోరింగులు పాతినారా?" అని పడీ పడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అన్నిటికన్నా జిడ్డుగా ఉండేది నాలుగో స్టాండు. నాయన కుర్చీ వెనక, ఎడమ పక్కన ఉండేది. స్పీకరు పాడైందనుకుంటే స్టాండు కూడా బయట పారేస్తాడని నా ఆశ. ఎవరూ లేనప్పుడు ఆ స్పీకరు వైరు లోపలి రాగి తీగ తెంపేసి, పై తొడుగును మళ్లీ స్పీకరు వెనక సందులో దూర్చేశాను. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంది.

సాయంత్రం నాయన పాటలు పెట్టాడు. కాసేపు విని వెనక్కి తిరిగాడు.

"పాపా, ఎనకాల ఎడం పక్క సౌండు వస్తాండాదా?"

తెంపింది నేనేనని తెలిసిపోతుందేమోనని భయం...

"వస్తాండాది నాయనా. బాగా ఇనపడతాండాది."

మర్నాడు ఆ స్టాండును జానెడు దగ్గరికి జరిపాడు. ఆ తర్వాత ఇంకో జానెడు. రంపంతో గొట్టం కోసి స్పీకరును సరిగ్గా చెవి ఎత్తుకు తెచ్చాడు. రోజూ అదే ప్రశ్న... రోజూ నాది అదే జవాబు. చివరికి స్పీకరుకు ఎడమ చెవి ఆనించి కూర్చున్నాడు.

"ఈ చెవి పూర్తిగా పోయినట్టుండాది మే," అన్నాడు అమ్మతో, మెల్లగా.

డాక్టరు దగ్గరికి పోదామని అమ్మ బతిమాలితే, "షెడ్డులో పనిచేసేవోళ్లకు ఇది మామూలే లే" అని కొట్టిపారేశాడు. నేను పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను.

ఇప్పుడు తిరుపతిలో మా ఫ్లాటులో, టీవీ కింద మూరెడు సౌండ్‌బార్ ఒక్కటే. స్టాండ్లు లేవు, వైర్లు లేవు, జిడ్డు లేదు. నాయన వస్తే దాని వైపు కుడి చెవి తిప్పి కూర్చుంటాడు. "ఆ చెవి ఇనపడదు మే, ఈ పక్కకు రా" అని నా కూతుర్ని పిలుస్తాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మీద నాకే రోత పుడుతుంది. ఆ గ్రీజు ఎంతో నయం...

మీ ఇంట్లో కూడా నాన్న చేతులతో చేసిన వస్తువు ఏదైనా ఉండేదా? దాన్ని మీరేం చేశారో దాచకుండా రాయండి. నేను కూడా మా నాయనకు చెప్పేయాలి...

ఏ చెవిలో చెప్పాలో తెలియడం లేదు.